చేగోడీ గట్టిదా, నా పన్ను గట్టిదా

సంక్రాంతికి అమలాపురం వెళ్తే పిన్ని చేగోడీల డబ్బా ముందు పెట్టింది. రెండోది కొరకగానే టక్కుమంది. ముందుపంటి మూల నుంచి బియ్యపు నూకంత ముక్క అరచేతిలో పడింది. ఇక నాలుక ఊరుకుంటుందా, మాటిమాటికీ అక్కడికే పోయి గీరుకుంటోంది.

"లవంగనూనె రాయవే" అంది పిన్ని. నొప్పి లేదు కానీ చల్లనీళ్లు తగిలితే జివ్వుమంటోంది. గోరువెచ్చని నీళ్లతో పుక్కిలించి, ముక్కని పాలగ్లాసులో వేశాను. ఎండిపోకుండా ఉంచితే ఒక్కోసారి దాన్నే తిరిగి అతికిస్తారు. కనుమ వెళ్లాక డాక్టరమ్మ ఎక్స్‌రే తీసి, నరం దాకా పోలేదంది. ముక్క మరీ చిన్నదని పక్కన పెట్టి, పంటిరంగు కాంపోజిట్ అనే ముద్ద పెట్టి, నీలం లైటుతో గట్టిపరిచింది. మత్తు ఇంజెక్షన్ కూడా లేదు.

పంటి పైనుండే గట్టి పొర, అదే ఎనామిల్, మళ్లీ పెరగదు. అందుకే చెరకు గడ తమ్ముడికి వదిలేశాను. చేగోడీలు మాత్రం టీలో నానబెట్టి తిన్నాను.