డ్రగ్స్ పరీక్షలో కొలంబియా ఎందుకు తప్పింది?

డ్రగ్స్ కట్టడిలో ఏ దేశం సహకరించిందో, ఏది సహకరించలేదో అమెరికా ఏటా తేలుస్తుంది. 1986లో తెచ్చిన చట్టం ఇది. డ్రగ్స్ ఎక్కువగా పండే దేశాలు, అవి దాటిపోయే దేశాలు జాబితాకెక్కుతాయి. మన దేశం పేరూ ఏళ్లుగా అందులో ఉంది. జాబితాకెక్కినంత మాత్రాన నష్టమేమీ లేదు. చిక్కంతా తర్వాతి తీర్పులోనే.

పాత పద్ధతిలో తీర్పులు మూడు రకాలు: సహకరించింది, సహకరించలేదు, సహకరించకపోయినా మా అవసరం కొద్దీ వదిలేస్తున్నాం. రెండోది పడిందా, సాయం ఆగుతుంది, ప్రపంచబ్యాంకు అప్పుకు అమెరికా అడ్డంగా ఓటేస్తుంది.

1996, 1997ల్లో కొలంబియాకు పడింది అదే. అక్కడి కొకైన్ ముఠా ‘కాలీ’ పెద్దలు ఇద్దరు 1995లో పట్టుబడింది అధ్యక్షుడు ఎర్నెస్టో శాంపర్ హయాంలోనే. అయినా ఆయన ఎన్నికల ఖర్చుకు ఆ ముఠా డబ్బు చేరిందన్న ఆరోపణే పైచేయి అయింది. 1996 జులైలో ఆయన అమెరికా వీసా కూడా రద్దు చేశారు.

అదే కొలమానం మెక్సికోకు పెట్టలేదు. 1997 ఫిబ్రవరిలో అక్కడి డ్రగ్స్ నిరోధక విభాగాధిపతి జనరల్ గుటియెర్రెజ్ రెబోయో అరెస్టయ్యాడు. కొకైన్ ముఠా నాయకుడు అమాదో కారియోను కాపాడాడన్నది అభియోగం. ఆ నెలాఖరుకే మెక్సికో సహకరించిందని క్లింటన్ ప్రభుత్వం తీర్పిచ్చింది. 1994లో రెండు దేశాల మధ్య అమల్లోకి వచ్చిన వాణిజ్య ఒప్పందం, మెక్సికో కరెన్సీ పెసో కూలాక 1995లో అమెరికా ఇచ్చిన భారీ అప్పు పక్కన పెట్టుకుని చూస్తే కారణం వెతకక్కర్లేదు. చేసిన పని కన్నా చుట్టరికమే తీర్పు రాయడం నాకు మింగుడుపడదు.

పైగా శిక్ష తగలాల్సిన చోట తగల్లేదు. డ్రగ్స్ నిరోధక సాయానికి చట్టంలోనే మినహాయింపు ఉంది. ఆగినవి ఎగుమతి రుణాలు, పెట్టుబడి బీమా వంటివి. వాటి మీద ఆధారపడింది అమెరికా కంపెనీలే. 1998లో కొలంబియాను మూడో రకంలోకి మార్చారు.

2002 తర్వాత పద్ధతి తిరగబడింది. స్పష్టంగా విఫలమైన దేశాల పేర్లే చెబుతారు, గడువు సెప్టెంబరు 15. అమెరికా డ్రగ్స్ నిరోధక అధికారులను 2008లో వెళ్లగొట్టిన బొలీవియా పేరు అందులో 2025 దాకా ఏటా వస్తూనే ఉంది. 2025లో కొలంబియా మళ్లీ తప్పింది. అక్కడ 2023లో కొకైన్‌కు ముడిసరుకైన కోకా సాగు 2,53,000 హెక్టార్లని ఐక్యరాజ్యసమితి లెక్క. కానీ అమెరికా తీర్పు కాగితంలోనే జాతీయ ప్రయోజనాల పేరిట మినహాయింపూ ఉంది కాబట్టి, ఆ తీర్పుతోనే సాయం ఆగిపోలేదు. సెప్టెంబరులో ఇలాంటి వార్త కనిపిస్తే ముందు ఆ మినహాయింపు ఉందో లేదో చూడండి.