కొమ్మ మీద తోడికోడళ్లు

"మీ కథలకు ఇన్ని ఐడియాలు ఎక్కడి నుంచి వస్తాయండీ?" అని అడుగుతుంటారు. సగం మెట్రోలోనే దొరుకుతాయి. మొన్న అమీర్‌పేటలో ఎక్కిన ఒకావిడ ఫోన్లో "చీర నీ దగ్గరే ఉంచుకో, మనిషిని మాత్రం పంపించెయ్" అని, రెండు స్టేషన్ల తర్వాత ఎర్రమంజిల్‌లో దిగిపోయింది. ఎవరి చీరో, ఏ మనిషో నాకు తెలీదు. తెలియకపోవడమే నయం, తెలిస్తే ఇక నేను రాయడానికేముంటుంది!

రాయడం మాత్రం తెల్లవారుజామునే, వంటింటి గట్టు మీద, ఆఫీసులో పారేసే కాగితాల వెనక వైపు. కొత్త నోట్‌బుక్ కొంటే నాకు టెన్షన్, అందంగా రాయాలేమోనని. రోజుకు రెండు పేజీలు, అంతే. మూడ్ రావాలి అనే మాట నేను నమ్మను, నల్లా నీళ్లు మన మూడ్ చూసి వస్తాయా?

ఆదివారాలు అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు తిరగేస్తాను. కథ కన్నా చివరి పేజీలో ఎవరో రాసుకున్న పాల లెక్కలే ఎక్కువ చదువుతాను.

ఇప్పుడు నన్ను పట్టుకున్నది ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలోని చింతచెట్టు. 1908 సెప్టెంబరులో మూసీ పొంగినప్పుడు దాని కొమ్మలెక్కి దాదాపు 150 మంది బతికారని చెబుతారు. వరద గురించి చాలామంది రాశారు, నాకు కావలసింది వరద కాదు. ఏళ్లుగా మాటల్లేని ఇద్దరు తోడికోడళ్లకు ఆ రోజు ఒకే కొమ్మ దొరికితే? మూడుసార్లు రాసి చింపేశాను. చిన్నావిడ ఇంకా నోరు విప్పలేదు.