అట్ట మీది చెయ్యి

1981 నుంచి 1986 వరకు అనకాపల్లిలో మన బడిలో చదివినవారికి స్టేషను రోడ్డు మలుపులో ఉండే అద్దె పుస్తకాల కొట్టు గుర్తుండే ఉంటుంది. సైకిళ్ళ మరమ్మతు షాపుకీ టీ దుకాణానికీ నడుమ ఇరుక్కున్న ఆ గదిలో ముగ్గురు నిలబడితే నాలుగోవాడు రోడ్డు మీదే ఉండవలసి వచ్చేది. గుమ్మానికి అడ్డంగా రెండు జనపనార తాళ్ళు కట్టి ఉండేవి. పై తాడు మీద నవలలు, కింది తాడు మీద, అంటే సరిగ్గా మా కళ్ళ ఎత్తున, బొమ్మల పుస్తకాలు మధ్యకు తెరిచి వేలాడదీసి ఉండేవి. ఆ కారణం చేత ఏ పుస్తకానికైనా మాకు ముందు కనిపించేది అట్ట ఒక్కటే. డిపాజిట్ రెండు రూపాయలు, అద్దె రోజుకు పది పైసలు, అక్కడే బల్ల మీద కూర్చుని చదివేసి ఇచ్చేస్తే ఐదు పైసలు. నా చదువులో సగం ఆ ఐదు పైసల బల్ల మీదే జరిగిందంటే మన ఉపాధ్యాయులు నొచ్చుకోరని ఆశిస్తున్నాను.

కొట్టు నడిపే పెద్దమనిషిని ఊరంతా బాబాయి అనే పిలిచేది. అంతకు ముందు బెల్లం మార్కెట్టులో గుమాస్తాగా పద్దులు రాసిన మనిషి కావడం వల్లనేమో, పుస్తకాన్ని కూడా ఆయన దిమ్మను చూసినట్టే చూసేవాడు. పైన రంగు చూసి, మూల గిల్లి, లోపల ఎలా ఉంటుందో చెప్పగలిగేవాడు. ఏ పుస్తకం బాగుంటుందని అడిగితే కథ చెప్పేవాడు కాదు, పేరూ చెప్పేవాడు కాదు; 'ఏ చెయ్యి కావాలి నీకు?' అని ఎదురు ప్రశ్న వేసేవాడు. ఆరో తరగతిలో ఆ ప్రశ్న విన్న మొదటిసారి నాకు ఏమీ బోధపడక, ఎందుకైనా మంచిదని కుడి చెయ్యి చాపాను.

నేను ఆ రోజు అడిగింది ముసుగు వీరుడు ఫాంటమ్ పుస్తకం. ఆయన ఇంద్రజాల్ కామిక్స్ ఒకటి తీసి, ముందు అట్ట చూపించి, తర్వాత మధ్య పేజీ తెరిచి, 'రెండూ ఒకడే వేశాడా?' అని అడిగాడు. అట్ట మీద ముసుగు మనిషి కండలు తిరిగి, కుంచెతో దిద్దిన వెలుగునీడలలో ఉన్నాడు. లోపలి మనిషి సన్నని సిరా గీతలలో, ఒకే మందపు రంగులో ఉన్నాడు. అంతవరకు ఆ తేడా నా కంటికి ఆనలేదు. ఎన్నో ఏళ్ళకు గానీ అందులోని వ్యవహారం నాకు తెలియలేదు. టైమ్స్ ఆఫ్ ఇండియా సంస్థ 1964 మార్చిలో ప్రారంభించిన ఆ పుస్తకాలలో, లీ ఫాక్ రాయగా అమెరికా పత్రికలలో రోజువారీ వచ్చిన బొమ్మల పట్టీలను పుస్తకం కొలతకు కత్తిరించి సర్దేవారు. మేము చదివే నాటికి ఫాంటమ్ లోపలి బొమ్మలు ఎక్కువగా సై బారీవి. అట్టలు మాత్రం ఇక్కడ, మన దేశంలో, బి. గోవింద్ అనే చిత్రకారుడు రంగులతో వేసేవారు. అంటే మా ఊళ్ళో పిల్లలందరూ తాడు మీద చూసి మోజుపడిన ఫాంటమ్ అచ్చంగా భారతీయుడు. అసలు కథలోని బెంగాలీ అనే దేశం పేరు ఇక్కడి పాఠకులు తికమకపడకుండా డెంకాలిగా మారినట్టే, ముఖమూ మారిందన్నమాట.

బాబాయి సిఫారసులన్నీ ఈ లెక్క మీదే నడిచేవి. గోవింద్ అట్ట నచ్చి, లోపల చూసి నిరాశపడినవాడికి ఆయన బహదూర్ పుస్తకం ఇచ్చేవాడు. ఆబిద్ సూర్తి సృష్టించిన ఆ బందిపోటు కొడుకు కథలు 1976లో ఇంద్రజాల్‌లో మొదలైనప్పుడు లోపలి బొమ్మలు కూడా గోవింద్ గారే వేశారు. కాషాయం రంగు కుర్తా, జీన్సు ప్యాంటు వేసుకుని తిరిగే నాయకుణ్ణి మేము మొదట కాస్త తక్కువగానే చూశాము. ఫాంటమ్‌కి ఉన్న ముసుగూ లేదు, ఉంగరమూ లేదు. 'అట్ట ఏమి చెప్పిందో లోపల అదే ఉంది, తీసుకెళ్ళు,' అని ఆయన అనడంతో తీసుకువెళ్ళి, మర్నాడు మరొకటి అడిగాను. ఇప్పటికీ ఎవరైనా పాత ఇంద్రజాల్ కామిక్స్‌లో ఏది ముందు చదవాలని అడిగితే, ఫాంటమ్ అభిమానులు ఏమనుకున్నా సరే, నేను తొలినాళ్ళ బహదూర్ కథలే చెబుతాను.

పై తాడు మీది డిటెక్టివ్ నవలల గురించి ఒక మాట చెప్పి వదిలేస్తాను. వాటి అట్టల మీద ఒక తుపాకీ, ఒక అమ్మాయి, ఒక కారు తప్పనిసరిగా ఉండేవి. లోపల తుపాకీ పేలేది కాదనీ, కారు కదిలేది కాదనీ బాబాయి మాకు ముందే చెప్పేశాడు. ఆ అమ్మాయి సంగతి మాత్రం పదో తరగతి పాసయ్యాక చెబుతానన్నాడు.

పురాణ కథలను బొమ్మలలో చెప్పే అమర్ చిత్ర కథ పుస్తకాల దగ్గర మాకు వేరే చిక్కు వచ్చింది. మా కొట్టులో తెలుగువి కొన్ని, ఇంగ్లీషువి ఎక్కువ. అన్నింటికీ వరుస సంఖ్యలు ఉండేవి గనుక నేనూ నా స్నేహితుడూ మొదటి నుంచి క్రమంగా చదవాలని పంతం పట్టాము. కృష్ణుడి పుస్తకం సంఖ్య 11; దానికి ముందు పది ఏమయ్యాయో ఎక్కడా దొరకలేదు. వాటిని ఎవరో తీసుకువెళ్ళి బాబాయికి తిరిగి ఇవ్వలేదని చాలాకాలం అనుమానించాము. అనంత్ పాయ్ 1967లో ఆరంభించిన ఆ మాలలో తొలి పది పుస్తకాలు విదేశీ కథలనీ, మన కథ పదకొండుతో మొదలైందనీ తెలిసేసరికి నేను ఉద్యోగంలో ఉన్నాను. బాబాయికి ఆ సంగతి తెలియదు గానీ, అంతకన్నా ముఖ్యమైనది తెలుసు. టింకిల్ పత్రికలో సుప్పండి కథలు చదివి మేము పడి పడి నవ్వుతుంటే, ఆయన ఆ పదకొండో పుస్తకాన్ని దాని పక్కన పెట్టి, వేళ్ళూ కనుబొమలూ పోల్చి చూడమన్నాడు. రెండూ రామ్ వాయీర్కర్ గారి చెయ్యే. వెన్నదొంగను గీసినవారే ఆ తెలివితక్కువ పనివాణ్ణీ గీశారని తెలిశాక, దేవుడి బొమ్మలో హాస్యమూ, హాస్యపు బొమ్మలో ముచ్చటా వెతకడం మాకు అలవాటైంది.

తెలుగువాళ్ళలో ఇలాంటి పని ఎవరూ చెయ్యలేదా అని ఒకసారి అడిగాను. ఆయన బల్ల కింది ట్రంకుపెట్టెలోంచి ఇల్లస్ట్రేటెడ్ వీక్లీ అనే ఇంగ్లీషు వారపత్రిక పుటలు కత్తిరించి కుట్టిన కట్ట ఒకటి తీశాడు. అవి బుజ్జాయి గారి పంచతంత్రం బొమ్మలు. 'కృష్ణశాస్త్రి గారి అబ్బాయి,' అని మాత్రం చెప్పి, అద్దె పుచ్చుకోకుండా చూడనిచ్చాడు. డుంబు అనే అల్లరి పిల్లవాణ్ణి సృష్టించిన బుజ్జాయి గారు 2022లో కన్నుమూసినప్పుడు నాకు ముందు గుర్తుకు వచ్చింది ఆ కట్టకు వేసిన గోనె దారం కుట్టే.

ఇక చందమామ. కచ్చితంగా చెప్పాలంటే అది కామిక్స్ పుస్తకం కాదు, కథల పత్రిక. అయినా బాబాయి దాన్ని కింది తాడు మీదే, మధ్యలో వేలాడదీసేవాడు. 1947 జులైలో నాగిరెడ్డి, చక్రపాణి మద్రాసులో ప్రారంభించిన ఆ పత్రికలో చేతుల సంగతి నేర్చుకోవడానికి కావలసినంత సరకు ఉండేది. లోపల చిత్రా గారి గీత ఒక తీరు. శవాన్ని భుజాన వేసుకుని కత్తి పట్టి నడిచే విక్రమార్కుణ్ణి గీసిన శంకర్ గారి గీత మరొక తీరు. అందులో ప్రతి ఆకూ ప్రతి ఆభరణమూ లెక్కకు దొరుకుతుంది. అట్టలలో 1950ల నాటివి ఎం.టి.వి. ఆచార్య గారివి. మహాభారతం ధారావాహికగా వస్తున్నప్పుడు ఆయన వేసిన ముఖచిత్రాలలో వీరులకు ఎముకా, కండా, బరువూ ఉంటాయి. కిరీటం పెట్టుకున్నవాడి మెడ ఆ కిరీటాన్ని మోస్తున్నట్టు తెలుస్తుంది. ఆ సంచికల బైండును బాబాయి అద్దెకు ఇచ్చేవాడు కాదు. చేతులు కడుక్కుని వస్తే బల్ల మీద చూడనిచ్చేవాడు.

మా కాలపు అట్టలు వడ్డాది పాపయ్య గారివి. వాటిలో బరువు ఉండదు, కాంతి ఉంటుంది. ఆ కాంతి ఎక్కడి నుంచి వస్తుందో నేను తెలుసుకున్న పద్ధతి మాత్రం చెప్పుకోదగ్గది కాదు. ఎనిమిదో తరగతిలో, అద్దెకు తెచ్చిన ఒక చందమామ అట్టను, పెన్సిలు చెక్కుకునే బ్లేడుతో కోసి, నోటుపుస్తకంలో దాచుకుని, అట్ట లేని పుస్తకాన్ని మిగతా పుస్తకాల మధ్యన ఇరికించి తిరిగి ఇచ్చేశాను. బాబాయి దాన్ని చేతితో తడిమే పట్టేశాడు. కొట్టలేదు, ఇంటికి కబురూ చెయ్యలేదు. 'బొమ్మ కోసినవాడు బొమ్మ వేసి తేవాలి. అట్ట లేకుండా తాడు మీద వెయ్యను,' అన్నాడు. డిపాజిట్ పోతుందన్న భయం కన్నా, ఆ పుస్తకం తాడు మీద లేకపోతే అందరూ కారణం అడుగుతారన్న భయం నన్ను ఎక్కువ పట్టుకుంది.

డ్రాయింగు మాస్టారి దగ్గర రంగుల పెట్టె బతిమాలి తెచ్చుకుని, అట్టను గోడకు ఆనించి, నాలుగు ఆదివారాలు కూర్చున్నాను. మొదటి ఆదివారం ఆకాశానికి నీలం కలిపి పెట్టుకుని చూస్తే, ఆ బొమ్మలో ఆకాశం అసలు నీలం కాదు. గులాబీ, పసుపు, వంకాయ రంగు ఒకదానిలోకి ఒకటి కరిగిపోయి, దూరం నుంచి చూసిన కంటికి సాయంకాలం అని చెబుతున్నాయి. రెండో ఆదివారం నీడలకు నలుపు కలుపుకున్నాను. ఆ బొమ్మలో నలుపు వెతికినా కనిపించలేదు. స్త్రీ మెడ కింది నీడ ఊదా, చెట్టు నీడ ముదురాకుపచ్చ, గుర్రం కడుపు కింది నీడ ఎర్రమట్టి. మూడో ఆదివారానికి నా కాగితం తడిసి ఉబ్బి, ముఖాలన్నీ మా ఇంటి చుట్టాల పోలికలోకి వచ్చేశాయి. నాలుగో ఆదివారం ఇక చేసేది లేక ఆరబెట్టి పట్టుకువెళ్ళాను. బాబాయి దాన్ని చాలాసేపు చూసి, మైదా జిగురుతో అతికించి, తాడు మీద మధ్యలో వేలాడదీశాడు. 'ఇది ఏ చెయ్యి?' అని అడిగినవాళ్ళందరికీ, 'కొత్త చెయ్యి, ఇంకా తిరగలేదు,' అని చెప్పేవాడు. నేను బడి వదిలేదాకా ఆ పుస్తకం అలాగే అద్దెకు తిరిగింది.

జిగురు రాస్తున్నప్పుడే ఆయన, ఆ అట్ట వేసినాయన ఎక్కడో మద్రాసులో లేడనీ, మన పక్కన కశింకోటలోనే ఉంటాడనీ చెప్పాడు. అనకాపల్లి నుంచి కశింకోటకు సైకిలు మీద అరగంట కూడా పట్టదు. ప్రతి నెలా రైలెక్కి మద్రాసు నుంచి మా ఊరికి వచ్చే ఆ ఆకాశం, అంతకు ముందు మా జిల్లా నుంచే బయలుదేరి వెళ్ళి ఉంటుందన్న ఆలోచన నన్ను నిద్రపోనివ్వలేదు. శ్రీకాకుళంలో పుట్టి, డ్రాయింగు మాస్టారుగా పనిచేసిన మనిషి అని తెలిశాక ధైర్యం వచ్చి, నేనూ నా స్నేహితుడూ ఒక సెలవు రోజున బయలుదేరాము. వీధి దాకా వెళ్ళాము. ఒక కిళ్ళీ కొట్టు దగ్గర సైకిళ్ళు ఆపి, ఇల్లు ఎవరిని అడగాలో నిర్ణయించుకోలేక, ఆయన అట్ట ఎందుకు కోశావని అడిగితే ఏమి చెప్పాలో కూడా తోచక, సోడా తాగి వెనక్కి వచ్చేశాము. వచ్చేటప్పుడు పొలాల మీద పొద్దు వాలుతున్నప్పుడు ఇద్దరమూ ఆగి ఆకాశం చూశాము. వంకాయ రంగు ఉంది.

1990లో ఇంద్రజాల్ కామిక్స్ ఆగిపోయాయి. 1992 డిసెంబరులో పాపయ్య గారు పోయారని నేను హైదరాబాదులో పేపరు చూసి తెలుసుకున్నాను. ఆ తర్వాత కొద్ది కాలానికే, కేబుల్ టీవీ వచ్చిన రోజులలో, బాబాయి కొట్టు ఎత్తేశాడు. పుస్తకాలు తూకానికి వెళ్ళాయని ఒకరూ, బంధువులు పట్టుకుపోయారని మరొకరూ చెప్పారు. ఆబిడ్స్‌లో ఆదివారం పేవ్‌మెంటు మీద పాత పుస్తకాలు పరిచేవారి దగ్గరా, బెజవాడ లెనిన్ సెంటరులోనూ నేను చందమామల కట్టలు కనిపిస్తే ఇప్పటికీ విప్పిస్తాను. ఆచార్య గారి భారతం అట్టలు ఎక్కడైనా దొరికితే ధర చూడకుండా తీసుకోమని ఈ సంచిక చదివే చిన్నవాళ్ళకు చెబుతాను. కాగితం పెళుసుబారి ఉంటుంది గనుక పేజీ పట్టుకుని కాక, అట్టల కింద అరచెయ్యి పెట్టి ఎత్తాలి. అలా విప్పించిన కట్టలలో మైదా జిగురుతో అతికించిన అట్ట ఒక్కటీ ఇంతవరకు నాకు తగలలేదు.

కోసిన అసలు అట్ట నా దగ్గరే ఉంది. తిరిగి ఇవ్వబోతే బాబాయి వద్దన్నాడు. డబ్బు ఇచ్చి కొన్న దానికన్నా ఎక్కువ కష్టపడ్డావు, ఉంచుకో అన్నాడు. ఎనిమిదో తరగతి సాంఘిక శాస్త్రం నోటుపుస్తకంలో, భూమధ్యరేఖ పటానికీ అక్బరు పాలనకూ మధ్య, మడత పడకుండా ఉంది. రంగులు పెద్దగా వెలవలేదు. కుడి వైపు కింది మూలలో నా బ్లేడు కాస్త వంకరగా పోవడం వల్ల 'వ.పా.' అన్న సంతకంలో 'వ' ఒక్కటే మిగిలింది.