ఉన్నితో గూడబాతు: ముక్కు సంచి దాకా వచ్చింది

టెక్కలి దగ్గరి తేలినీలాపురానికి వలసొచ్చే గూడబాతు (పెలికాన్) బొమ్మను ఉన్నితో చేస్తున్నాను, సగం దాటింది. వెనకాల ఆకాశం ఆరి గట్టిపడింది, పక్షి ఒళ్లు కుదిరింది, ఇప్పుడు ముక్కు కింద సంచి దగ్గర ఉన్నాను. శ్రీకాకుళంలో ఫెల్టింగ్ (ఉన్ని పోగులను ఒకదాంట్లో ఒకటి చిక్కించి గట్టిపరిచే పని) చేసేవాళ్లెవరూ నాకింకా తారసపడలేదు. మొదలుపెట్టాలనుకునేవాళ్లకు పనికొస్తుందని కొలతలతో సహా రాస్తున్నాను.

ముందు ఉన్ని సంగతి. నెల్లూరు జాతిలాంటి మాంసం గొర్రెల ఒంటిమీద ఉండేది వెంట్రుకే, అది ఈ పనికి రాదు. అసలు ఉన్ని పోగు మీద కంటికి కనపడని పొలుసులుంటాయి. వేడినీళ్లు, సబ్బు, రాపిడి తగిలేసరికి పోగులు ఒకదాంట్లోకి ఒకటి జరుగుతాయి, పొలుసులు వాటిని మళ్లీ వెనక్కి రానివ్వవు. మెత్తని రంగుల మెరీనో గొర్రె ఉన్ని ఆన్‌లైన్‌లో తెప్పించుకున్నాను. గొంగళ్లు నేసే దక్కనీ ఉన్ని ముతకే గానీ, దాని సహజమైన నలుపు బొమ్మలో పక్షి వాలిన చింతకొమ్మలకు చక్కగా సరిపోయింది. రంగేసిన నలుపులో ఆ జీవం రాదు.

ఆకాశాన్ని తడిపద్ధతిలో చేశాను. ఉన్ని పొడవులోనూ వెడల్పులోనూ మూడో వంతు దాకా తగ్గిపోతుంది కాబట్టి 12×16 అంగుళాల బొమ్మ కావాలంటే 18×24 పరవాలి. దానికి సుమారు 60 గ్రాములు పట్టింది. పల్చగా మూడు పొరలు, ఒకటి నిలువు, ఒకటి అడ్డం. పైన పాత దోమతెర ముక్క కప్పి, సబ్బు తురిమి కలిపిన గోరువెచ్చని నీళ్లు చిలకరించి, అరచేత్తో నెమ్మదిగా రుద్దాలి. తెర ఉంటే పోగులు చెదరవు. కాస్త అతుక్కున్నాక చాపలో చుట్టి దొర్లించాలి. ఎటు దొర్లిస్తే అటే కుదించుకుంటుంది, అందుకే మధ్యమధ్యలో తీసి పక్కకు తిప్పి మళ్లీ చుట్టాలి. వేళ్లతో గిల్లి లాగితే పోగు విడిగా లేవకూడదు, అప్పుడు అయినట్టు. చివరి జాడింపులో చెంచాడు వెనిగర్ వేస్తే సబ్బు జిడ్డు పోతుంది. వానాకాలంలో మన తీరంలో తడి ఉన్ని ఆరక ముక్కవాసన వస్తుంది. ఈ పని జనవరి, ఫిబ్రవరిల్లోనే పెట్టుకోండి.

ఇక రంగులు. ఈ కళలో నాకు ప్రాణం పెట్టాలనిపించే భాగం ఇదే. ఉన్నిలో రంగులు పెయింట్‌లా కరిగి కలవవు. నీలం, పసుపు పోగులు ఎంత కలిపినా దగ్గరికెళ్తే వేటికవే కనిపిస్తాయి, నాలుగడుగులు వెనక్కి జరిగితే ఆకుపచ్చ. గూడబాతు తెల్లగా ఉంటుందనుకుంటాం గానీ, బైనాక్యులర్లో చూస్తే మెడ మీద బూడిద, రెక్క అంచున గోధుమ ఛాయ. అందుకని తెలుపు నాలుగు పాళ్లు, బూడిద ఒక పాలు, గోధుమ పిసరంత తీసుకుని, చేత్తో లాగి ఒకదానిమీదొకటి వేసి మళ్లీ లాగుతాను. ఎక్కువ కావాలంటే కుక్కలకు దువ్వే తీగ బ్రష్షులు రెండు చాలు. పొందూరులో వాలుగ చేప దవడతో పత్తి ఏకడం చూసినవాళ్లకు ఈ పని ఓపిక తెలుస్తుంది. తొందరపడి లాగితే పోగు తెగుతుంది, పూర్తిగా కలిపేస్తే రంగు చచ్చిపోతుంది. చారలు కాస్త మిగిలి ఉండగానే ఆపేస్తాను, ఈకలు అక్కడే పుడతాయి.

సంచికి లేత గులాబీలో బూడిద కలిపాను. పైముక్కు అంచు పొడవునా ఉండే నీలి చుక్కలకు పిసరు ఉన్నిని వేళ్ల మధ్య ఆవగింజంత ఉండ చేసి, 40 నంబరు ఫెల్టింగ్ సూదితో (పక్కన సన్నని గాట్లుండి, పోగులను లోపలికి తోసే సూది) గుచ్చుతున్నాను. సూది నంబరు పెరిగేకొద్దీ సన్నం. అతికించడానికి 36, రూపం దిద్దడానికి 38. సూది ఎలా దిగిందో అదే వాలులో బయటికి రావాలి, లోపల ఉండగా వంచితే పుటుక్కున విరుగుతుంది. కింద స్పాంజి బదులు గోనెగుడ్డ సంచిలో బియ్యం నింపి వాడుతున్నాను, అణగదు. ఉప్పుగాలికి సూదులు తుప్పు పడతాయి, మూత బిగువుగా ఉండే డబ్బాలో సిలికా జెల్ పొట్లం వేసి ఉంచండి.

కన్ను నిన్న మొదలుపెట్టాను. మా అమ్మ చూసి, "ఏటే, దానికంత కోపం?" అంది. పై రెప్ప గీతను ఒక్క పోగంత పైకి జరిపితే చూపు మెత్తబడింది.

ఇంకా కాళ్లు, చింతాకులు ఉన్నాయి. పక్షులు వెళ్లిపోయేలోపు మరోసారి టెక్కలి బస్సెక్కి, పొద్దుటి ఎండలో సంచి రంగు సరిచూసుకోవాలి. ఫ్రేములో అద్దం ఉన్నికి తగలకుండా అరంగుళం ఎడం పెట్టిస్తాను, తగిలితే చెమ్మ పట్టి బూజొస్తుంది. మిగిలిన ఉన్నిని బాగా ఆరబెట్టి, ఎండిన వేపాకుతో బిగువైన డబ్బాలో పెట్టేశాను.