కోనసీమ రోడ్ల మీద తిరిగే బండికి హీటర్ ఎందుకంటే

శ్రావణంలో వాన పట్టుకున్నప్పుడు పాత కారులో చించినాడ వంతెన దాటి రాజోలు వైపు వెళ్ళినవారికి ఈ బాధ తెలుస్తుంది. ఏసీ ఉండదు. నలుగురు కూర్చుని కిటికీలు మూస్తే ముందు అద్దం లోపలివైపు మసకబారుతుంది. గుడ్డతో తుడిచిన కాసేపటికే మళ్ళీ అదే మసక. అది పోవాలంటే అద్దానికి లోపలి నుంచి వెచ్చటి గాలి తగలాలి. ఆ గాలిని ఇచ్చేది హీటర్ ఒక్కటే. అందుకే నా 1970 మోడల్ అంబాసిడర్‌లో దాన్ని తీసేయమని ఎవరు చెప్పినా నేను ఒప్పుకోలేదు.

బండి నీలగిరి కొండల్లో తిరిగినది కాబట్టి హీటర్ దానితోనే వచ్చింది. కానీ ఇంజిన్ వేడినీటిని హీటర్‌లోకి తెచ్చి తిరిగి తీసుకెళ్ళే రబ్బరు గొట్టాలను ఎవరో ఎగ్జాస్ట్ మానిఫోల్డ్‌కు, అంటే ఇంజిన్ పొగ బయటికి పోయే వేడి ఇనుప గొట్టానికి, ఆనుకునేలా లాగారు. ఆ వేడికి రబ్బరు గట్టిపడి నెర్రెలు తీసింది. పాలకొల్లులో మెకానిక్ బాబాయి చూసి, "మన ఊళ్ళో దీనితో పనేముంది బాబూ, ఇంజిన్ వైపున్న రెండు మూతులూ ఒక గొట్టంతో కలిపేద్దాం" అన్నారు. ఇక్కడ చాలా బండ్లకు చేసేది అదే. నాకది సరైన పద్ధతి అనిపించదు. అలా కలిపితే ఇంజిన్ పైభాగమైన హెడ్ నుంచి వచ్చే వేడినీటిలో కొంత, నీటిని చల్లార్చే రేడియేటర్ మొహం చూడకుండానే తిరిగి నీటి పంపులోకి పోతుంది. మే నెల ఎండలో అది ఇంజిన్‌కు భారమే. హీటర్ వద్దనుకుంటే రెండు మూతులూ విడివిడిగా మూసేయడం మేలు. హీటర్ కుళాయి కట్టేసినప్పుడు జరిగేదీ అదే కదా.

ఉంచుకుంటే ఇంకో లాభం కూడా ఉంది. రైల్వే గేటు దగ్గర బండ్లు బారులు తీరి ఇంజిన్ కాగిపోతున్నప్పుడు హీటర్ కుళాయి పూర్తిగా తెరిచి ఫ్యాన్ వేస్తే ఉష్ణోగ్రత ముల్లు దిగుతుంది. లోపల కూర్చున్నవారికి చెమటలు పడతాయి, నిజమే. కానీ ఆ కాసేపు అది రెండో రేడియేటర్‌గా పనిచేస్తుంది.

ఇక గొట్టాల దారి సంగతి. ఈ 1489 సీసీ ఇంజిన్‌లో కార్బ్యురేటర్, ఎగ్జాస్ట్ ఒకే పక్కన ఉంటాయి. ప్లగ్గులు, వాటికి కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్ రెండో పక్కన ఉంటాయి. ఒక పక్కన వేడి గొట్టాన్ని తింటుంది, రెండో పక్కన గొట్టం కారితే డిస్ట్రిబ్యూటర్ తడుస్తుంది. వేడినీరు బయలుదేరేది హెడ్ వెనుక కొస నుంచి కాబట్టి హీటర్‌కు వెళ్ళే గొట్టం పొట్టిగానే సరిపోయింది. చిక్కంతా తిరుగు గొట్టంతోనే. అది ముందుకు వచ్చి రేడియేటర్ కింది హోస్‌లో, అంటే పంపు నీటిని పీల్చుకునే వైపున, కలవాలి. దాన్ని వెనుక రేకు గోడ వెంట తీసుకెళ్ళి, ప్లగ్గుల పక్కన ఉన్న మడ్‌గార్డ్ లోపలి అంచున కిందికి దించాం. డిస్ట్రిబ్యూటర్ కంటే కిందగా ముందుకు నడిపాం. ఇప్పుడు కారినా నేల మీదే కారుతుంది. దిగిన గొట్టం దారిలో ఎక్కడా మళ్ళీ మూపురంలా లేవకూడదు. అక్కడ గాలి చిక్కుకుంటే హీటర్‌లోకి నీరు సరిగా ఆడదు.

పొడుగు భాగానికి అరంగుళం రాగి గొట్టం వాడాం. దాన్ని వంచడంలో బాబాయి చేతిపని చూడవలసిందే. బాగా ఎండిన సన్నని గోదావరి ఇసుకను దట్టించి, రెండు కొసలకూ చెక్క బిరడాలు కొట్టారు. వంపు రావలసిన చోట మాత్రమే కాల్చి, మోకాలికి ఆనించి మెల్లగా వంచారు. ఎక్కడా నలగలేదు. ఇసుకలో తడి ఉంటే ఆవిరి పట్టి బిరడా ఎగిరిపోతుందట, అందుకే ఎండబెట్టే విషయంలో ఆయన రాజీపడలేదు. కొసలను కొద్దిగా ఉబ్బించడం వల్ల హోస్ జారదు. ఇంజిన్ తన రబ్బరు మౌంట్ల మీద ఊగుతూ ఉంటుంది, మడ్‌గార్డ్ ఊగదు. అందుకని ఆ రెంటి మధ్య రబ్బరు హోస్‌ను కొంచెం వదులుగా ఉంచాం. రేకులోంచి దూరే చోట గ్రొమెట్, అంటే రంధ్రం అంచుకు తొడిగే రబ్బరు వలయం, తప్పనిసరి. అది లేకపోతే రేకు అంచు హోస్‌ను కోసేస్తుంది.

నీరు నింపేటప్పుడు బండి ముక్కు ఎత్తుగా ఉండాలి, రేడియేటర్ మూతే అన్నిటికంటే పైన ఉండాలి. ఈ డెల్టాలో పల్లమే తప్ప మెరక ఎక్కడ దొరుకుతుంది? కాలువ గట్టు ఎక్కే వాలులో బండిని నిలిపి, వెనుక చక్రాలకు రాళ్ళు పెట్టాం. హీటర్ కుళాయి తెరిచి, ఇంజిన్ నడుపుతూ, బుడగలు ఆగేదాకా పోస్తూనే ఉన్నాం.

నీరంటే ఏ నీరైనా సరే అనుకోవద్దని నా మనవి. తీరం వైపు బోరు నీటిలో ఉప్పు ఎక్కువ, అది ఇనుమును తింటుంది. వరద రోజుల్లో కాలువలో వచ్చే ఎర్రనీటిలో ఒండ్రు ఉంటుంది. అది ఇంజిన్ బ్లాక్ వెనుక భాగంలోనూ, హీటర్ సన్నగొట్టాల్లోనూ పేరుకుంటుంది. మా హీటర్‌ను విప్పి తిరగేసి కడిగినప్పుడు బయటపడింది ఆ ఒండ్రే. ఇప్పుడు పోసింది బ్యాటరీలకు వాడే శుద్ధజలం, అందులో సగానికి సగం కూలెంట్. బండి ఒకసారి బాగా వేడెక్కి చల్లారాక క్లిప్పులన్నీ మళ్ళీ బిగించాం. కొత్త రబ్బరు కొంచెం అణుగుతుంది కాబట్టి రెండోసారి స్క్రూ డ్రైవర్ తిప్పితే ప్రతి క్లిప్పూ ఇంకాస్త బిగిసింది.