క్వార్ట్‌జ్‌సైట్ నుంచి గ్రాండ్ క్యాన్యన్ దాకా: మా బండి బ్యాటరీల సంగతి

మోటర్‌హోమ్ కొనేటప్పుడు అందరూ మంచాలు ఎన్ని, వంటిల్లు ఎంత అని చూస్తారు. ఎక్కే మెట్టు కింద ఉండే బ్యాటరీ పెట్టె మూత తీసి చూసేవాళ్లు తక్కువ. అరిజోనా ఎడారిలో కరెంటు కనెక్షన్ లేని చోట రాత్రి గడపాలంటే మాత్రం ముందు చూడాల్సింది ఆ పెట్టెనే. ఒంగోలు నుంచి వచ్చిన అమ్మానాన్నలతో జనవరిలో ఫీనిక్స్ నుంచి బయల్దేరే ముందు నేను ఎక్కువ సమయం పెట్టిందీ దాని మీదే.

ఇంజిన్ స్టార్ట్ చేసే బ్యాటరీ వేరు, బండి లోపల ఇల్లు నడిపే బ్యాటరీ వేరు. మొదటిదాంట్లో ప్లేట్లు పలుచన. కొన్ని క్షణాలు గట్టిగా కరెంటు ఇవ్వడానికే అది పనికొస్తుంది. నాలుగుసార్లు పూర్తిగా దించేస్తే పాడైపోతుంది. రెండోది డీప్ సైకిల్ రకం. దాంట్లో ప్లేట్లు మందం, గంటల తరబడి నెమ్మదిగా ఇస్తుంది. షాపుల్లో మెరైన్ అని రాసి అమ్మే 12 వోల్టులవి చాలావరకు ఈ రెంటికీ మధ్యరకం. అందుకే నేను గోల్ఫ్ కార్ట్‌లలో వాడే 6 వోల్టుల బ్యాటరీలు రెండు తీసుకున్నాను. ట్రోజన్ టీ-105 అనే లెడ్ యాసిడ్ రకం, ఒక్కోటి 28 కిలోలు, 225 ఏహెచ్. ఏహెచ్ అంటే ఆంపియర్-అవర్, బ్యాటరీలో ఎంత కరెంటు పడుతుందో చెప్పే కొలత. ఒకదాని ప్లస్‌ని రెండోదాని మైనస్‌కి కలిపితే 12 వోల్టులు వస్తాయి. ఏహెచ్ మాత్రం 225 గానే ఉంటుంది. అందులోనూ సగం దాకా వాడుకుంటేనే బ్యాటరీ ఎక్కువకాలం బతుకుతుంది. అంటే చేతిలో ఉన్నది సుమారు 110.

ఈ 110తో రాత్రి ఎలా గడుస్తుందన్నదే అసలు లెక్క. హీటర్ గ్యాస్‌తోనే మండుతుంది గానీ, వేడిని లోపలికి తోసే ఫ్యాన్ గంటకి 7 ఏహెచ్ దాకా తాగుతుంది. చలి రాత్రి పన్నెండు గంటల్లో సగంసేపు తిరిగినా 40 దాటుతుంది. 500 వాట్ల రైస్ కుక్కర్‌ని ఇన్వర్టర్ మీద అరగంట పెడితే మరో 23. అమ్మ పచ్చడికి మిక్సీ వేస్తే కరెంటు ఇంకా గట్టిగా లాగుతుంది కానీ, రెండు నిమిషాల పనే కాబట్టి ఖర్చు రెండు మూడుకి మించదు. అందుకని అన్నం గ్యాస్ స్టవ్ మీద, పచ్చడి మిక్సీలో అని ముందే అనుకున్నాం.

ఫీనిక్స్ నుంచి ఐ-10 హైవే మీద పడమరగా రెండొందల కిలోమీటర్లు పోతే క్వార్ట్‌జ్‌సైట్. వేసవిలో నిప్పులు చెరిగే చిన్న ఊరు. చలికాలం వచ్చేసరికి ఊరి చుట్టూ ఎటు చూసినా మోటర్‌హోమ్‌లే. చుట్టుపక్కల ప్రభుత్వ భూముల్లో 14 రోజుల దాకా ఉచితంగా ఉండొచ్చు. లా పోసా లాంటి చోట్ల పర్మిట్ తీసుకుంటే సెప్టెంబర్ 15 నుంచి ఏప్రిల్ 15 దాకా మకాం వేసేయొచ్చు. మేం డోమ్ రాక్ రోడ్డు పక్కన రాళ్లనేల మీద ఆగాం. ఎండ ఎర్రగా కాసింది. పైకప్పు మీదున్న 200 వాట్ల సోలార్ ప్యానెల్ రోజుకి 45 ఏహెచ్ దాకా ఇచ్చింది.

అక్కడే ఒక ఉదయం నాన్న, నేను బ్యాటరీల మూతలు విప్పాం. పవర్ కట్ల రోజుల్లో ఇంట్లో ఇన్వర్టర్ బ్యాటరీని ఏళ్ల తరబడి చూసుకున్న మనిషి ఆయన. టార్చ్ వేసి చూస్తే ఒక సెల్‌లో, అంటే బ్యాటరీ లోపలి ఒక గదిలో, నీళ్లు ప్లేట్ల అంచు దాకా దిగి ఉన్నాయి. "ప్లేట్లు మునిగేంతే పొయ్యరా ఇప్పుడు. ఛార్జింగ్ పూర్తయ్యాక మిగతాది. ముందే నింపావంటే పొంగి యాసిడ్ బయటికొస్తుంది" అన్నారు. పోసింది డిస్టిల్డ్ వాటరే. కుళాయి నీళ్లలోని ఖనిజాలు ప్లేట్లని తినేస్తాయి. సాయంత్రం ఛార్జింగ్ నిండాక, యాసిడ్ చిక్కదనం కొలిచే హైడ్రోమీటర్ ముంచితే దాని లోపల తేలే గొట్టం మెల్లగా లేచి 1.265 దగ్గర నిలబడింది. ఆరు సెల్స్‌లో ఐదు అలాగే ఉన్నాయి, నీళ్లు తగ్గిన సెల్ 1.240 చూపించింది. తేడా 0.050 దాటితే ఆ బ్యాటరీకి జబ్బు చేసినట్టే. మాది అంతదాకా రాలేదు. ఛార్జర్‌లో ఈక్వలైజ్ పెట్టి, కావాలనే కాసేపు ఎక్కువ వోల్టేజీ ఇస్తే సర్దుకుంది. ఆ సమయంలో హైడ్రోజన్ వస్తుంది కాబట్టి పెట్టె తెరిచే ఉంచాలి, దగ్గర్లో అగ్గి ఉండకూడదు. కళ్లద్దాలు, యాసిడ్ చిందితే చల్లడానికి తినే సోడా డబ్బా పక్కనే పెట్టుకున్నాం.

అసలు పరీక్ష గ్రాండ్ క్యాన్యన్‌లో. పార్కర్, కింగ్‌మన్, విలియమ్స్ మీదుగా సౌత్ రిమ్, అంటే ఆ లోయ దక్షిణపు అంచు చేరాం. ఎత్తు 2,100 మీటర్లు, చీకటి పడగానే సున్నా కిందికి దిగింది. అక్కడి మేథర్ క్యాంప్‌గ్రౌండ్‌లో కరెంటు పాయింట్లు లేవు. పైన్ చెట్ల నీడలో సోలార్ సగానికి పడిపోయింది. చలికి బ్యాటరీ శక్తి కూడా ఐదో వంతు దాకా తగ్గుతుంది. పైగా హీటర్ ఫ్యాన్ ఆగితే ఒట్టు. అమ్మకి చలి పడదు, తెల్లవారుజామున ఫ్యాన్ ఆగిపోతుందేమోనని నాకు టెన్షన్. పొద్దున లేచి అన్నీ ఆపేసి, కాసేపాగి మీటర్ చూస్తే 12.2 వోల్టులు. సగానికి కాస్త పైనే ఉన్నాం.

జనరేటర్ని అనుమతించిన వేళల్లోనే నడపాలి. దాన్ని పొద్దున్నే నడపడం మేలు. ఖాళీగా ఉన్నప్పుడు లెడ్ యాసిడ్ బ్యాటరీ ఛార్జింగ్‌ని గబగబా తీసుకుంటుంది. 80 శాతం దాటాక ఎంత మోగించినా నెమ్మదే, ఇంధనం దండగ. ఆ చివరి భాగాన్ని పగటి ఎండకి వదిలేస్తే చాలు. అయితే రోజుల తరబడి నిండకుండా వదిలేస్తే ప్లేట్ల మీద సల్ఫేట్ గట్టిపడిపోతుంది.

క్వార్ట్‌జ్‌సైట్‌లో మా పక్క బండివాళ్లది లిథియం. బరువు సగం, నీళ్ల గొడవ లేదు, దాదాపు మొత్తం ఏహెచ్ వాడుకోవచ్చు. అయితే సున్నా డిగ్రీల కింద దాన్ని ఛార్జ్ చెయ్యకూడదు. ఆ పొద్దున రిమ్ మీద మా బయటి పెట్టెలో ఉండుంటే జనరేటర్ మోగినా ఛార్జింగ్ ఎక్కేది కాదు. ఈ జత అరిగిపోయాక నేనూ లిథియమే కొంటాను. దానికి హైడ్రోజన్ బెడద లేదు కాబట్టి మెట్టు కింద కాకుండా బండి లోపల మంచం కింద, హీటర్ గాలి తగిలే చోట బిగిస్తాను. ఇప్పుడున్న పాత ఛార్జర్ లిథియంకి తగ్గది కాదు, అదీ మార్చాల్సిందే.