‘బంగాళాదుంపలు తినేవాళ్ళు’ నకలు: ముఖాల దాకా వచ్చింది

డచ్ చిత్రకారుడు వాన్ గో 1885లో నెదర్లాండ్స్‌లోని న్యూనెన్ ఊళ్ళో వేసిన బొమ్మ ఇది. దూలానికి వేలాడే దీపం కింద ఒక రైతు కుటుంబం రాత్రి భోజనానికి కూర్చుంది. అసలుది 82 × 114 సెం.మీ. మా గోడకీ నా జేబుకీ అంత పట్టదు కాబట్టి సరిగ్గా సగం, 41 × 57 పెట్టుకున్నాను. ఆ కొలతలో రెడీమేడ్ దొరకదు. కాన్వాస్ చుట్టలోంచి కోయించుకుని, వడ్రంగి చేత చట్రం చేయించి బిగించాను. చూసి వేయడానికి తీయించిన అసలు బొమ్మ ప్రింటు 40 సెం.మీ. వెడల్పు వచ్చింది. దాని మీద 3.5 సెం.మీ. గళ్ళు, కాన్వాస్ మీద 5 సెం.మీ. గళ్ళు గీస్తే లెక్క చక్కగా కుదిరింది. బొగ్గుతో గీసి, పైన పల్చటి బర్ంట్ అంబర్ (ముదురు గోధుమరంగు) పూశాను.

అసలు తంటా తెలుపుతోనే. ఆడవాళ్ళ తలమీది టోపీలు తెల్లగా కనిపిస్తాయి కదా, ట్యూబులోంచి తెలుపు తీసి పూశారో, బొమ్మ అంతా చచ్చిపోతుంది. ఈ బొమ్మలో తెలుపు దాదాపు వాడలేదనీ, వెర్మిలియన్ (ఎరుపు), పారిస్ బ్లూ, నేపుల్స్ యెల్లో కలిపిన రంగే వాడాననీ తమ్ముడు థియోకి ఆయనే రాశాడు. విడిగా చూస్తే అది ముదురు బూడిద రంగే, బొమ్మలో మాత్రం తెల్లగా కనిపిస్తుందట.

నేను వెర్మిలియన్ బదులు కాడ్మియం రెడ్ తీసుకున్నా. అసలు వెర్మిలియన్‌లో పాదరసం ఉంటుంది, ఖరీదు కూడా. పారిస్ బ్లూ అంటే మన దుకాణాల్లో దొరికే ప్రష్యన్ బ్లూ. నేపుల్స్ యెల్లో ఎక్కువ, ఎరుపు అందులో సగం, నీలం మాత్రం అగ్గిపుల్ల తలంత. ఆ నీలం చాలా గడుసుది, ఇంకొంచెం పడితే మొత్తం ఆకుపచ్చగా మారిపోతుంది. కలిపాక పాలెట్ మీద చూస్తే కడిగిన కుంచెల నీళ్ళ రంగు. అదే రంగు చీకటి గోడ పక్కన టోపీ అంచుకి ఒక్క గీత పెట్టగానే దీపం వెలుగు పడినట్టే ఉంది! పాలెట్ గాజు పలక కింద తెల్ల కాగితం తీసేసి గోధుమరంగు అట్ట పెట్టుకోండి, లేకపోతే కన్ను మోసపోతుంది.

ముఖాలకీ ఇదే సూత్రం. ఆయన మొదట యెల్లో ఓకర్, రెడ్ ఓకర్ (పసుపు, ఎరుపు మట్టి రంగులు), తెలుపుతో వేసి, మరీ లేతగా ఉన్నాయని మళ్ళీ మీద వేసేశాడు. పొట్టు తీయని, దుమ్ము పట్టిన దుంప రంగు కావాలన్నాడు. అందుకే ఓకర్‌తో మొదలుపెట్టి, ఆరాక పైన ఆ బూడిద మిశ్రమాలే వేస్తున్నాను. ఎడమవైపు ఇద్దరి ముఖాలు అయ్యాయి. చేతులు ఇంకా ఉన్నాయి. ఏ చేతులతో నేల దున్నారో అవే పళ్ళెంలో పెడుతున్నారు, నా దృష్టిలో ముఖాల కన్నా వాటికే ఎక్కువ కష్టపడాలి.

ముదురు రంగులు ఆరాక ఇంకిపోయి మసకబారుతున్నాయి. మళ్ళీ కూర్చునే ముందు అవిసె నూనె బట్టతో పల్చగా రుద్ది, మిగులు తుడిచేస్తే అసలు రంగు తెలుస్తుంది. ఆ బట్టలు ఉండచుట్టి పారేయకండి, వాటంతటవే వేడెక్కి అంటుకుంటాయి. బయట పరిచి ఆరేయాలి.

కుడివైపు కాఫీ పోసే ఆవిడ దగ్గర ఆగాను. ఇదే కూర్పుతో ఆయన వేసిన లిథోగ్రాఫ్ (రాతి మీద గీసి తీసిన అచ్చు) చూసి స్నేహితుడు వాన్ రాపార్డ్ ఉతికి ఆరేశాడు, ఆ కెటిల్ దేని మీదా నిలబడలేదు, ఎవరూ పట్టుకోనూ లేదని. నిజమే, పట్టు వదులుగానే ఉంది. సరిదిద్దే ఉద్దేశం నాకు లేదు. సరిదిద్దితే నకలు ఎందుకవుతుంది?

బయటి చట్రం, అంటే ఫ్రేమ్ సంగతి మాత్రం తేలలేదు. బంగారు రంగు చట్రంలో గానీ, పండిన పైరు రంగు గోడ మీద గానీ పెట్టమన్నాడాయన. మా గోడ లేత నీలం, రంగు మార్చడానికి ఇంట్లో ఒప్పుకోరు. పాత బంగారు రంగు బీడింగ్‌కి ధర అడిగాను, అడుగు లెక్కన చెప్తామన్నారు.